ఐదు దబ్బనాల లెక్క

మొన్న మంగళవారం పొద్దున మా వీధిలోకి పరుపుల బండి వచ్చింది. "పాత పరుపులు, పాత దిండ్లు, దూది ఏకి కొత్తగా కుట్టబడును" అని రికార్డు చేసిన గొంతు మైకులో అరుస్తూ ఉంటే, ట్రాలీ ఆటో వెనక దూది ఏకే యంత్రం బిగించుకుని ఇద్దరు మనుషులు మా ఇంటి ముందు ఆగారు. నేను మంచం మీది పాత పరుపును వాకిట్లోకి ఈడ్చుకొచ్చి, చాప మీద కూర్చుని దాని ఒక పక్క కుట్టు విప్పుతున్నాను. ఎందుకంటే మా ఇంట్లో పరుపు కుట్టు విప్పే పని ఇంకొకరి చేతికి ఇచ్చే అలవాటు లేదు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

చేసినవాడు నాకు రక్తసంబంధం కాదు, కానీ పాతికేళ్ల కిందట ఒకే పరిశోధన బృందంలో ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని పనిచేశాం గనుక నేను అక్కను, అతను తమ్ముడు. బుచ్చిరెడ్డిపాళెంలో వడ్ల వ్యాపారం చేసే ఇంటి పిల్లవాడు, ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు, అయినా నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఊరి మాటే వస్తుంది. ఫోనెత్తగానే, బాగున్నావా అనైనా అడక్కుండా, "అక్కా, చూసినావా? దొరికిందంట. మనం వెతికిందే. వాళ్లు రాసిన పేపరు నీ ఫోనుకు పంపినాను, చూడు" అన్నాడు. అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేది. ఉండబట్టలేక అనేశాడు: "నువ్వు ఆరోజు అడ్డం పడకుండా ఉంటే, అది మన పేరు మీద ఉండేది గదక్కా."

నాకు ఒళ్లు మండిపోయింది. అరవై దాటాక కోపం తగ్గుతుందని ఎవరన్నారో గానీ నాకైతే తగ్గలేదు, నా వయసువాళ్లు చాలామందికి తగ్గలేదని కూడా తెలుసు. ఫోను పెట్టేసి ఆ పేపరును తెరవకుండా అలాగే ఉంచాను. ఇవాళ్టికి నాలుగు రోజులు. అందులో ఒక అంకె ఉంటుంది, ఆ అంకె చూసి ఒక చిన్న లెక్క వేస్తే, నేను ఆ రోజు అడ్డం పడింది అబద్ధానికో నిజానికో తేలిపోతుంది. కానీ ఆ అంకె చూడకముందే నా మాట నేను రాసుకోవాలనుకున్నాను. ఎందుకింత పంతమో అర్థం కావాలంటే మా నాయన సంగతి దగ్గర మొదలుపెట్టాలి.

మాది దూదేకులవాళ్ల ఇల్లు. ఆ మాటను కొందరు గొంతు తగ్గించి అంటారు, నేను గట్టిగానే అంటాను. ఇంట్లో తెలుగు తప్ప మరో మాట తెలియనివాళ్లం, పండగకు మసీదుకు పోయేవాళ్లం, మీరు అటా ఇటా అని రెండు వైపులవాళ్లూ అడిగేవాళ్లు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ విసుగుపుట్టి, చివరికి అడిగినవాళ్ల మొహంలోకి తేరిపార చూసి ఊరుకోవడం నేర్చుకున్నాను. నాయన నిలువెత్తు విల్లును భుజాన వేసుకుని వాకాడు చుట్టుపక్కల ఊళ్లన్నీ, సముద్రం ఒడ్డున జాలరి పాళేలతో సహా, కాలినడకన తిరిగేవాడు. సరుగుడు తోపుల్లోంచి ఆయన వస్తుంటే, మనిషి కనబడకముందే భుజాన ఉన్న విల్లు కొస కనబడేది. ఎవరి దూదిని వాళ్ల వాకిట్లోనే ఏకేవాడు. కొయ్య గుండుతో నారిని కొడుతుంటే టంగుటంగుమని మోగుతూ, గట్టిపడిపోయిన పాత దూది మళ్లీ పొంగి లేచేది.

పరుపు కుట్టడంలో మోసానికి ఎంత చోటుందో నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. పైన తెల్లటి దూది, లోపల నల్లనలుసుల చెత్త, కుట్టు పడిందంటే ఇక ఎవరు చూడబోయారు. అందుకని నాయన చివరి జానెడు కుట్టకుండా వదిలి, ఇంటావిడను పిలిచి, "చెయ్యి పెట్టి చూసుకోమ్మా" అనేవాడు. ఆవిడ మోచేతి దాకా చెయ్యి పెట్టి, లోపలినుంచి ఒక పిడికెడు తీసి చూసి, మళ్లీ లోపల పెట్టాకే ఆ జానెడూ మూసేవాడు. బడి లేని రోజుల్లో నేనూ వెంట పోయేదాన్ని, నా పని నలుసులు ఏరడం. తెల్ల దూదిలో ఆవగింజలో సగం ఉండే నల్ల చుక్క ఎక్కడున్నా నా కంటికి దొరికేది. మా అమ్మ నా కళ్లను చూసి మురిసిపోయేదీ, అన్నంలో రాళ్లు ఏరమని ఆ కళ్లకే పని చెప్పేదీ.

నాయన దగ్గర ఒక రేకుడబ్బా, అందులో ఐదు దబ్బనాలు. పరుపులు కుట్టే ఆ లావు సూదులు బెత్తెడు పొడవుంటాయి. పొద్దున పని మొదలుపెట్టేటప్పుడు ఐదూ లెక్కపెట్టి బయటికి తీసేవాడు, సాయంత్రం ఐదూ లెక్కపెట్టి లోపల పెట్టేవాడు. ఆ పనిచేసే మా వాళ్లందరికీ ఉన్న భయం ఒక్కటే, దబ్బనం పరుపులో ఉండిపోవడం. అది ఎప్పుడో ఏ పసిబిడ్డ వీపులోనో దిగుతుంది, అప్పుడు ఎవరు కుట్టారని ఎవరూ అడగరు, అందరికీ తెలిసే ఉంటుంది.

నాకు పదేళ్లప్పుడు ఒక సాయంత్రం డబ్బాలో నాలుగే తేలాయి. ఆ రోజు కుట్టింది ఒక వరి ఆసామి ఇంట్లో పెళ్లికూతురికని చేయించిన కొత్త పరుపు. నాయన అన్నం ముట్టలేదు. మర్నాడు తెల్లవారగానే నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి పోయాడు. పందిరి వేసేశారు, చుట్టాలు దిగిపోయి ఉన్నారు, వాళ్లందరి ముందూ నాయన తాను కుట్టిన కుట్టును తానే నిలువునా కోసి, దూదంతా దుప్పటి మీద పోసి, నన్ను ఏరమన్నాడు. నేను ఏరాను, ఆయన ఏరాడు, మళ్లీ చేతులు మార్చుకుని ఏరాం. పొద్దు నడినెత్తికి వచ్చింది. దబ్బనం లేదు. చుట్టాల్లో ఒకాయన పడక్కుర్చీలోంచి, "ఏం సాయిబూ, దొరికిందా నీ నిధి?" అని అడిగితే అందరూ పకపకా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. నాయన మాత్రం దూది మళ్లీ లోపలికి కూరుతూ, తల ఎత్తకుండానే, "లేదయ్యా. లేదని తెలిసింది. ఇంక పిల్ల నిమ్మళంగా పండుకుంటాది" అన్నాడు.

ఆ దబ్బనం ఎక్కడుందనుకున్నారు? మా ఇంట్లోనే, తలుపుకు కట్టిన గోనెపట్టా చిరిగితే అక్క దానితో కుట్టి, అందులోనే గుచ్చి మరిచిపోయింది. అది దొరక్కముందు, పెళ్లింటినుంచి తిరిగొచ్చే దారిపొడుగునా నేను, ఇంత అల్లరిపాలై ఒక రోజు పని దండగయిందని సణుగుతూ ఉంటే నాయన ఆగి, "ఏం దండగమ్మే? ఉందో లేదో తెలవకుండా ఉండేదానికంటే, లేదని తెలవడం గూడా పనే గదా" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకేమీ అర్థం కాలేదు, ఇంటికి పోయి అక్కతో పోట్లాడాను.

చదువు గూడూరులో మొదలై ఎక్కడెక్కడికో పోయింది, ఆ తిప్పలన్నీ ఇక్కడ చెప్పను. చివరికి ఫిజిక్సులో పరిశోధనకు ఒక సారు దగ్గర చేరి, ఆయన బృందంతో పాటు మంచు కురిసే ఒక దేశంలో ఉన్న పెద్ద యంత్రం దగ్గరికి వెళ్లాను. కొలైడర్ అంటారు దాన్ని. భూమి లోపల గుండ్రంగా తవ్విన సొరంగంలో రెండు కణాల ప్రవాహాలు ఎదురెదురుగా తిరుగుతూ ఒకచోట గుద్దుకుంటాయి. అక్కడ కొత్త కణాలు పుడతాయి, వాటిలో బరువైనవి కొన్ని గోరు మందమంత దూరం పోయీ పోకముందే చచ్చి, తేలికైన కణాలుగా విడిపోతాయి. వాటిని కళ్లతో చూడడం ఎవరి తరమూ కాదు. ఆ గుద్దుకునే చోటు చుట్టూ పొర మీద పొరగా ఆరు పొరలు సిలికాన్ పలకలు పేర్చి ఉంటాయి. కణం దూసుకుపోతూ ఒక్కో పొరలో ఒక్కో చుక్క వదిలిపోతుంది. ఆ చుక్కలు కలిపితే అది నడిచిన దారి తెలుస్తుంది, ఆ దారిని వెనక్కి గీస్తే ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. మేము చేసేది ఆ జాడలు పట్టడమే.

సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు అమ్మ ఆ యంత్రం దేనితో చేస్తారని అడిగింది. చిల్లకూరు వైపునుంచి లారీల్లో గాజు ఫ్యాక్టరీలకు పోయే తెల్ల ఇసుక లేదూ, అందులో ఉండే సరుకే అని చెప్పాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఆ మాత్రం ఇసక కోసం అంత దూరం పోవాల్నా?" అంది. ఇప్పటికీ ఆ లారీ ఒకటి మా వీధిమీదుగా పోతే నాకు నవ్వొస్తుంది.

మొదటి ఏడాదంతా నాకు అప్పగించిన పని ఏమిటో చెబితే మీరు నమ్మరు, మళ్లీ సూదులే. ఒక్కో పలక మీద వెంట్రుకకన్నా సన్నని గీతలు వందలు ఉంటాయి. భూతద్దంలోంచి చూస్తూ, వెంట్రుకవాసి సూదిమొనను ఒక్కో గీత మీద ఆనించి, ఈ గీత బతికుంది, ఈ గీత చచ్చింది అని రాసుకోవాలి. బట్టల మీద తెల్ల అంగీ, తలకు టోపీ, ముక్కుకు గుడ్డ, ఆ వేషంలో ఫొటో తీసి పంపితే మా అక్క నన్ను గుర్తుపట్టలేదు. పలకలన్నీ బిగించి మూతపెట్టే ముందు అక్కడి పనివాళ్ల పెద్దావిడ పనిముట్ల పళ్లెం తెచ్చి ఒక్కొక్కటీ లెక్కపెట్టేది. ఒక్క పట్టకారు తగ్గితే మూత పడదు. ఆ పళ్లెం చూసిన రోజు నాకు ఊళ్లో ఉన్నట్టే అనిపించింది, అందరికీ నాయన దబ్బనాల కథ చెప్పాను. మా సారు కూడా విని బాగా నవ్వారు.

తరవాత వెతుకులాట మొదలైంది. ఒక బరువైన కణం విడిపోయే తీరుల్లో ఎంతో అరుదైనదాన్ని మేము వెతికాం. అది సరిగ్గా రెండు మ్యూయాన్లుగా, మరేమీ మిగలకుండా విడిపోవాలి. మ్యూయాన్ అంటే ఎలక్ట్రానుకు బరువైన అక్క అనుకోండి. సిద్ధాంతం ప్రకారం అది కోటానుకోట్లలో ఎప్పుడో ఒక్కసారి జరగాలి. అంతకంటే తరచుగా జరిగితే లోకానికి తెలియని కొత్త సంగతేదో అందులో ఉన్నట్టు లెక్క, కనిపెట్టినవాళ్లకు పేరే పేరు. చిక్కంతా వేషగాళ్లతో. పయాన్ అనే ఇంకో కణం నడుస్తూ నడుస్తూ దారి మధ్యలో మ్యూయానుగా మారిపోతుంది, మారినచోట దారి చిన్నగా విరుగుతుంది. అందుకని మేము పెట్టుకున్న జల్లెడ ఏమిటంటే, ఆరు పొరల్లోనూ చుక్క ఉండాలి, ఆరూ ఒకే దారిలో కుదరాలి. ఐదు చాలు అన్నామో, ఇమడని ఆ ఒక్క చుక్కను కంప్యూటరు పక్కన పడేసి, విరిగిన దారిని కూడా చక్కటి దారిగా చూపిస్తుంది.

ఇక్కడే మా పనిలో ఒక ఆచారం ఉంది. మనిషి కన్ను తాను కోరుకున్నదే చూస్తుంది గనుక, దొరకాల్సినది ఎక్కడ ఉంటుందో ఆ భాగాన్ని ముందే మూసేస్తారు. పెట్టె అంటాం దాన్ని. మూసిన పెట్టె బయట ఉన్న సమాచారంతోనే జల్లెడ కళ్లు ఎంత ఉండాలో తేల్చి, కాగితం మీద రాసి, అందరూ సంతకాలు పెట్టాక, ఒక్కసారే పెట్టె తెరుస్తారు. తెరిచాక జల్లెడ మార్చకూడదు. ఏది దొరికితే అదే, దొరక్కపోతే అదే. దీన్ని నాకెవరూ రెండోసారి చెప్పాల్సిన అవసరం లేకపోయింది, చివరి జానెడు సంగతి తెలిసినదాన్ని.

రెండేళ్లు ఆ పెట్టె బయట కాపలా కాసి, ఒక మధ్యాహ్నం తెరిచాం. సారు, నేను, తమ్ముడు, ఇంకో ఇద్దరు. లోపల ఒక్కటే ఉంది. వేషగాళ్లే ఒకటి దాకా రావచ్చని మేము ముందే లెక్కవేసి పెట్టుకున్నాం. అంటే మాకు ఏమీ దొరకలేదన్నమాట. పోసుకున్న టీ పోసుకున్నట్టే చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున సారు మొహం వెలిగిపోతూ వచ్చారు. ఆరు పొరలన్నది మరీ కఠినమైన నియమం, ఐదుకు తగ్గిస్తే లోపల నాలుగు కనబడుతున్నాయి, నాలుగంటే లోకానికి చాటుకోవచ్చు అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, ఈ మాట ఎన్నేళ్ల తరవాతైనా అంటాను. పన్నెండేళ్లు ఆ యంత్రానికి ధారపోసినవాడు, రెండేళ్లలో పదవీ విరమణ, మా అందరికీ సొంత డబ్బుతో చలికోట్లు కొనిపెట్టినవాడు. ఆయన నిజంగానే నమ్మారు. నేను కొత్తగా వచ్చిన ఆ మూడింటి బొమ్మలు అచ్చుతీసి బల్లమీద పరుచుకుని, దూదిలో నలుసులు చూసినట్టు చూశాను. రెండింటిలో దారి విరిగిన చోటు నా కంటికి కనబడింది. మూడోదాంట్లో నాకు ఏమీ కనబడలేదు. ఆ నిజం కూడా ఇక్కడ రాసితీరాలి.

బృందమంతా కూర్చున్నప్పుడు, పెట్టె తెరిచాక జల్లెడ మార్చడానికి వీల్లేదు సార్ అన్నాను. ఆయన మొదట నచ్చజెప్పారు, తరవాత గొంతు పెంచారు, చివరికి అందరి ముందూ, "సైన్సుకు గుండెధైర్యం కావాలమ్మా, సూదులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పనికాదు" అన్నారు. నేను ముద్దుగా చెప్పుకున్న మా నాయన కథను తిప్పి నా మొహాన కొట్టారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా నాయన లెక్కపెట్టినాడు సార్, నేను గూడా లెక్కపెడతాను" అన్నాను. అన్నాళ్లూ ఆయనతో పుస్తకాల భాషే మాట్లాడినదాన్ని, ఆ ఒక్క వాక్యం మాత్రం మా ఊరి మాటలో వచ్చింది. తమ్ముడు నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు, పెన్ను మూత తీస్తూ పెడుతూ, పెదవి విప్పలేదు. ఇవాళ మన పేరు, మన పేరు అంటున్నాడు!

ఆ ప్రయోగంలో ఏ ఫలితమైనా బయటికి పోయేముందు పరిశీలించే పెద్దలు వేరే ఉంటారు. నేను వాళ్లకు ఉత్తరం రాశాను, మా సంతకాలున్న కాగితం జతచేశాను. వాళ్లు ఆ కాగితమే చెల్లుతుందన్నారు. ఆరు పొరల జల్లెడతో, దొరికిన ఆ ఒక్కదాన్ని లెక్కలో ఉంచి, ఫలితం అచ్చయింది: ఇది జరిగితే గిల్లితే గిల్లినంత, ఇదిగో ఇన్నిసార్లని గీసిన ఈ గీతకు పైన మాత్రం జరగదు అని. కొన్ని వందల పేర్ల మధ్య నా పేరు ఎక్కడో ఉంది. నాకు అక్కడ ఇంకో మూడేళ్లు పొడిగించాల్సిన కాగితం మీద మాత్రం సారు సంతకం పడలేదు. తలవంచి ఒక్కమాట క్షమించమంటే పెట్టేవారేమో. నేను అనలేదు.

పెట్టె సర్దుకుని ఊరికి వచ్చేశాను. అంత దూరం పోయి ఏం కనిపెట్టినావని అడగనివాళ్లు లేరు. లేదని కనిపెట్టినాను అనేదాన్ని, పిచ్చిదానిలా చూసేవాళ్లు. నాయన అప్పటికి పని మానేశాడు, విల్లు గోడకు వేలాడుతూ ఉండేది. జరిగిందంతా వసారాలో ఆయన పక్కన కూర్చుని చెప్పాను. కణాలూ పొరలూ ఆయనకేం తెలుస్తాయి, అయినా చివరిదాకా విని, "లెక్క సరిపోయిందా?" అని అడిగాడు. సరిపోయింది నాయనా అన్నాను. "ఇంకేమమ్మే, అన్నం తిను పో" అన్నాడు. ఆ పూట నేను తిన్నంత అన్నం జన్మలో తినలేదు.

తరవాత గూడూరులో ఫిజిక్సు పాఠాలు చెప్పుకుంటూ ఉద్యోగం ముగించాను. లోలకం కట్టి గురుత్వాకర్షణ విలువ తీయమంటే పిల్లలందరికీ పుస్తకంలో ఉన్న విలువే దశాంశాలతో సహా వచ్చేది. అలాంటి రికార్డు పుస్తకాలు మొహాన విసిరికొట్టేదాన్ని. విలువ తప్పొచ్చినా, చూసింది చూసినట్టు రాసిన పిల్లకు మార్కులు నిండుగా వేసేదాన్ని. నా వెనక నన్ను ఉన్నదున్నట్టు మేడం అనేవాళ్లట. తెలిసి నేను మురిసిపోయిన పేరు అదొక్కటే.

కానీ ఆ మూడో బొమ్మ నన్ను వదల్లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడో, చేపల పులుసులోకి చింతపండు పిసుకుతున్నప్పుడో హఠాత్తుగా గుర్తొచ్చేది: రెండు నిటారు దారులు, ఎక్కడా విరుపు లేదు. అది నిజమైనదేమో, లోకానికి దొరికిన మొట్టమొదటిదాన్ని నేనే చేత్తో పక్కకు తోసేశానేమో అనిపించేది. సారు పోయారని తెలిసిన రోజు ఆ అనుమానం మరీ ఎక్కువైంది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

అందుకే నాలుగు రోజులుగా ఆ పేపరు తెరవలేదు. అంకె చూశాక, నేను గెలిచాను గనుక మంచిపని చేశాను అనో, ఓడాను గనుక పొరబడ్డాను అనో అనడం పెట్టె తెరిచాక జల్లెడ మార్చడమే. ఇవాళ పొద్దున తమ్ముడికి ముందుగా రాసి పంపేశాను: "అందులో ఏ అంకె ఉన్నా సరే, మనం తోసేసిన ఆ మూడూ మేలిమి నిజాలని తేలినా సరే, ఆ రోజు నేను చేసిందే మళ్లీ చేస్తాను. సంతకం పెట్టిన కాగితాన్ని నాకు కావలసింది దొరకలేదని చింపను. ఇది నా మాట. ఇప్పుడు తెరుస్తున్నాను." పంపినట్టు గుర్తు పడ్డాకే తెరిచాను.

అంకె చూశాను. ఆ రోజుల్లో మా యంత్రంలో ఎన్ని గుద్దుకున్నాయో నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. పరుపులవాళ్లు ఇచ్చిపోయిన చీటీ వెనక లెక్కవేశాను. మాకు దొరకవలసింది ఒకటి కూడా కాదు, ఒకటిలో పదో వంతు. ఐదు పొరల జల్లెడ పెట్టినా అంతకు పెద్దగా పెరగదు. నాలుగని చాటి ఉంటే నిజానికి ఎన్నో రెట్లు పెద్ద అబద్ధానికి మా పేర్లు తగిలించుకుని ఉండేవాళ్లం, ఆ తరవాత వచ్చినవాళ్లు దాన్ని వెతికీ వెతికీ మా మీద ఉమ్మేసి పోయేవాళ్లు. ఇవాళ వాళ్లు కొలిచిన విలువ, పాతికేళ్ల కిందట మేము గీసిన గీతకు ఎంతో కింద, ఉండవలసిన చోటే ఉంది. ఆ మూడో బొమ్మ సంగతి మాత్రం ఎప్పటికీ తెలియదు. ఒక్కదాన్ని చేతిలో పట్టుకుని ఇది నిజం, ఇది వేషం అని ఎవరూ చెప్పలేరు. అది అలాగే ఉండనీ, నాకు దానితో బతకడం అలవాటే.

తమ్ముడి దగ్గరినుంచి మధ్యాహ్నం జవాబొచ్చింది. లెక్క అతనూ వేసుకున్నట్టున్నాడు. "ఆరోజు నేను మాట్లాడాల్సింది అక్కా" అని ఒక్కటే వాక్యం. చదివి కాసేపు ఏడ్చాను.

మంగళవారం సంగతి సగంలో వదిలేశాను. పరుపు ఆ మధ్యాహ్నానికల్లా తయారైంది, యంత్రం గంటలో ఏకేసింది, మిషను కుట్టు పరపరా పడిపోతూ ఉంటే, చివరి జానెడు ఆపమన్నాను. చెయ్యి మోచేతిదాకా పెట్టి లోపలి దూది పిడికెడు తీసి చూశాను. కుట్టేవాడు నవ్వి, "ఇప్పుడెవురూ చూడరమ్మా" అన్నాడు. నిజమే, ఇప్పుడెవరు చూస్తారు. ఇంటింటా స్పాంజి పరుపులు, కంపెనీ నుంచే నాలుగు పక్కలా మూసేసి వస్తాయి. ఆ కొలైడర్ దగ్గర కూడా ఇప్పుడు బొమ్మలు బల్లమీద పరుచుకుని చూసే తీరికా అవసరమూ ఎవరికీ లేవట, కంప్యూటరే ఏరిపెడుతుందట. పెట్టె ఆచారం మాత్రం ఇంకా గట్టిగానే ఉందని తమ్ముడు ఆ మధ్య ఎప్పుడో చెప్పాడు, ఆ ఒక్క మాటకు నాకు సంతోషం. నాయన లేడు, అమ్మ లేదు, విల్లు నారి ఎప్పుడో తెగిపోయింది. టంగుటంగుమనే ఆ చప్పుడు ఎలా ఉండేదో నోటితో చేసి చూపించబోతే మా అక్క మనవరాలు కిలకిలా నవ్వింది.

ఈ నాలుగు మాటలూ రాసి లేవబోతూ బీరువా కింది అరలోంచి నాయన రేకుడబ్బా తీశాను. మూత తుప్పుపట్టి ఒకపట్టాన రాలేదు. ఒక్కొక్కటే తీసి ఒళ్లో పెట్టుకుంటూ లెక్కపెట్టాను. ఐదూ ఉన్నాయి నాయనా.